వినబడును గాని తెలియదు

చెవి మందగించిన పెద్దలు వైద్యునియొద్ద తొలుత చెప్పుకొను ఫిర్యాదు తరచుగా ఒక్కటే: "మాట వినబడుతూనే ఉందండీ, ఏమంటున్నారో మాత్రం తెలియడం లేదు." ఇంటివారికి ఈ మాట వింతగాను, ఒక్కొక్కప్పుడు సాకుగాను తోచును, వినబడినపుడు తెలియకపోవుట యెట్లని వారి సందేహము. వంటింటిలో గిన్నె జారిపడిన చప్పుడునకు ఉలికిపడిన పెద్దాయన, నాలుగడుగుల దూరమున నిలిచి కోడలు "పాలు తాగుతారా మామయ్యగారూ?" అని అడిగినపుడు, కాలినొప్పి సంగతి అడుగుచున్నదని తలచి, "ఇవాళ కాస్త తగ్గిందమ్మా" అని బదులు చెప్పినచో, గిన్నె చప్పుడు వినిపించిన మనిషికి నా మాట వినిపించదా అను నిష్ఠురము ఆ యింట పుట్టక మానదు. అయినను ఆ వృద్ధుడు చెప్పుకొన్న ఫిర్యాదు అక్షరాల నిజము. ధ్వని చెవిని చేరుట వేరు, మాట మనస్సునకు అందుట వేరు. ఈ రెంటి నడుమ జరుగు వ్యవహారము తెలిసిననే గాని, వినికిడి తగ్గినవారికి ఏమి కావలెనో, అందుకొరకు ఎవరిని ఆశ్రయింపవలెనో తెలియదు.

మన మాటలో అచ్చులు బలిష్ఠములు. వాని శక్తిలో పెద్దభాగము సెకనుకు వేయి కంపనములకు లోబడిన మంద్రస్థాయిలో ఉండును. హల్లులు, ముఖ్యముగా పరుషములును ఊష్మములును, బలహీనములు, క్షణికములు. వానిని ఒకదానినుండి యొకటి వేరుపరచు ఆనవాళ్లలో పెక్కు రెండువేల కంపనములకు పైబడిన తారస్థాయిలో ఉండును. వార్ధక్యమున చెవి మొదట కోల్పోవునది ఈ తారస్థాయినే. పాలు, కాలు, చాలు, తాలు అను నాలుగు మాటలను తీసికొనుడు: నాల్గింటను అచ్చులు ఒక్కటే, రెండవ హల్లు ఒక్కటే, భేదమంతయు మొదటి హల్లునందు, అనగా సెకనులో పదవవంతైనను నిలువని యొక స్ఫోటమునందున్నది. అది అందనివానికి 'ఆలు' అను శేషము మాత్రమే మిగులును. అడిగినది పాలో, కాలో, చాలో ఆయన సందర్భమును బట్టి, పెదవుల కదలికను బట్టి, అడిగినవారి చేతిలోని గ్లాసును బట్టి ఊహించుకొనవలెను. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు ప్రతి వాక్యమును ఇట్లు పూరించుకొనుచు పోవుట యెంతటి శ్రమయో చెవి బాగున్నవారికి తెలియదు. సాయంకాలమునకు ఆయన మాటాడుట మానివేసినచో అది అలకయు కాదు, అహంకారమును కాదు, కేవలము అలసట. టెలిఫోనులో మనుమరాలి మాట మరింత కష్టము. ఏలయన పసివారి గొంతు సహజముగానే సన్నన, సాధారణ టెలిఫోను తంతి 3,400 కంపనములకు పైబడిన ధ్వనులను మోయుటకు ఏర్పడినది కాదు, పైగా అక్కడ పెదవులును కనబడవు.

ఇట్లు తారస్థాయియే ముందుగా ఏల పోవును? గాలిలోని కంపనము కర్ణభేరిని కదల్చగా, ఆ కదలికను కూటకము, దాగలి, అంకవన్నె అను ఆకారములుగల మూడు ఎముకలు ఒకదానికొకటి అందించుకొని లోపలిచెవి గవాక్షముకడకు చేర్చును. వీనిలో మూడవది మనుష్యదేహమునందలి యెముకలన్నిటిలోను మిక్కిలి చిన్నది. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. దాని కావల, రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తము కలదు. ద్రవపూరితమైన ఈ నాళమును సాగదీసి కొలిచినచో 35 మిల్లీమీటర్ల మేరకుండును. అందులోపలి పొరమీద, 1851లో ఇటలీదేశీయుడైన ఆల్ఫోన్సో కోర్టీ వర్ణించిన సూక్ష్మాంగమున, రోమకణములు వరుసలు దీరియుండును. ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు 15,000. మెదడునకు వార్తనంపునవి వీనిలో లోపలివరుసలోని 3,500 మాత్రమే. బయటివరుసలలోని తక్కిన కణములు తాము వినవు. అవి స్వయముగా కంపించి మెల్లని ధ్వనులకు బలమునిచ్చును, దగ్గరదగ్గర స్వరములను విడదీయును.

ఈ పొరమీద ఏ స్వరము ఎచ్చట పలుకునో చూపినవాడు గెయోర్గ్ ఫన్ బెకెషీ. 1899లో బుడాపెస్టు నగరమున జన్మించిన ఈయన వృత్తిచేత వైద్యుడు కాడు. హంగరీ దేశపు తంతి తపాలా శాఖవారి పరిశోధనాలయమున టెలిఫోనులతో పనిచేసిన భౌతికశాస్త్రజ్ఞుడు. టెలిఫోనును బాగుచేయవలెనన్న చెవి యెట్లు పనిచేయునో తెలియవలెనని తలచి, మృతుల చెవులనుండి కర్ణావర్తమును తెరచి, క్షణక్షణము వెలిగి ఆరు దీపపు కాంతిలో సూక్ష్మదర్శినితో ఆ పొర కదలికను కన్నులార చూచెను. ధ్వని లోనికి ప్రవేశించగానే పొరవెంబడి యొక తరంగము పరుగిడుననియు, తారస్వరమునకు ఆ తరంగము ద్వారముకడనే ఉవ్వెత్తున లేచి అణగిపోవుననియు, మంద్రస్వరమునకు చివరి చుట్టువరకు సాగిపోవుననియు ఆయన నిరూపించెను. 1961లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము ఆయనను వరించినది ఇందుకే. కావున మంద్రస్వరములు సైతము ద్వారముకడి కణములను దాటియే లోనికి పోవలెను. ఇంటిలో ఎవరు ఏ గదికి పోయినను ముందుగా అరుగునది గడపయే గదా. వయస్సుతోపాటు ఆ చోటి కణములే ముందు నశించుటకు శాస్త్రజ్ఞులు చెప్పు కారణములలో ఇది యొకటి.

నశించిన రోమకణము మనుష్యునిలో మరల మొలవదు. కోడిపిల్లలలో అది మరల మొలచుచున్నదని 1980వ దశకపు చివర తేలినప్పటినుండి, పక్షికి సాధ్యమైనది మనకేల సాధ్యము కాలేదను ప్రశ్న పరిశోధకులను వదలలేదు. ఆ సమాధానము దొరకువరకు ఉన్న కణములను కాపాడుకొనుటయే మన చేతిలోని పని. మిల్లులలోను, బాయిలర్ల చెంతను, జనరేటర్ల ప్రక్కను ఏండ్ల తరబడి చెవులకు రక్షణ లేక పనిచేసినవారికి సాధారణముగా 4,000 కంపనముల ప్రాంతమున ముందు గండి పడును. క్షయరోగమునకు ప్రాణదాతయై వచ్చిన స్ట్రెప్టోమైసిన్, ఆ జాతివే అయిన జెంటామైసిన్ మొదలగునవి, క్యాన్సరునకు వాడు సిస్ప్లాటిన్ కొందరి చెవులకు హాని చేయును. ప్రాణమును నిలుపు మందులు గనుక వానిని నిందింపరాదు. వాడునపుడు వినికిడిని కనిపెట్టి చూడుమని వైద్యుని అడుగుటకు మాత్రము ఎంతమాత్రమును మొగమాటపడరాదు.

చెవులు తగ్గినవారితో మనము చేయు మొదటి తప్పు గట్టిగా అరచుట. ధ్వనిని డెసిబెల్లులలో కొలుతురు. ప్రతి పది డెసిబెల్లులకు శక్తి పదిరెట్లగును. బయటివరుస రోమకణములు నశించిన చెవికి మెల్లని ధ్వని అందదు గాని, పెద్దధ్వని మనకెంత పెద్దదిగా తోచునో వారికిని అంత పెద్దదిగానే తోచును. కనీసముగా వినదగినదానికిని భరింపరానిదానికిని నడుమ మనకుండు విశాలమైన ఎడము వారికి ఇరుకై పోయినదన్నమాట. అందుచేతనే "కాస్త గట్టిగా చెప్పు" అన్న తల్లియే మరుక్షణమున "అంత అరుస్తావేంరా, నాకేం చెవుడా?" అని కసరుకొనును. ఇది చాదస్తము కాదు; కర్ణావర్తపు ధర్మము. అరచినపుడు బలము చేకూరునది అచ్చులకే; కావలసిన హల్లులు ఆ హోరులో మరింత మునిగిపోవును.

శరీరబాధకంటె దారుణమైనది ఈ లోపమువెంట వచ్చు ఏకాకిత్వము. చూపు తగ్గినవారికి చేయూతనిచ్చుటకు లోకము ముందుకు వచ్చును. చెవి తగ్గినవారిని మన సామెతలు, ప్రహసనములు, సినిమాలు తరతరములుగా నవ్వులపాలు చేసినవి. చెవిటివాని ముందు శంఖమూదుటను గురించి చెప్పుకొన్నాము గాని, అతని ప్రక్కకు పోయి కూర్చుండి నిదానముగా చెప్పుటను గురించి చెప్పుకొనలేదు. కావుననే మనుష్యులు దానిని దాచుకొందురు. పెండ్లిపందిటిలో పదిమంది ఒక్కసారి మాటాడుచుండగా, ఇతరులు నవ్వినపుడు తామును నవ్వి, తలయూపి, త్వరగా భోజనము ముగించుకొని ఇంటికి పోవుదురు; కొంతకాలమునకు పెండ్లికే పోవుట మానుదురు.

ఈ సిగ్గు మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులోని నారిచ్ పట్టణమున 1802లో జన్మించి, బాల్యముననే వినికిడి తగ్గనారంభించిన హారియెట్ మార్టినో అను రచయిత్రి, తన వంటి బధిరులను ఉద్దేశించి 1834లో ఒక బహిరంగ లేఖ ప్రకటించినది. సానుభూతికొరకు వ్రాసినది కాదది. మిథ్యాలజ్జను విడువుడని, చెవికానించు కొమ్ముబూరను చేతబట్టుకొని నలుగురిలోనికి పొండని, మీతో మాటాడువారి శ్రమను తగ్గించుట మీ ధర్మమని నిర్మొగమాటముగా చెప్పినది. ఆమె స్వయముగా అట్టి కొమ్ముబూరను పట్టుకొనియే దేశములు తిరిగి గ్రంథములు వ్రాసినది. బూర స్థానమున నేడు గోరంత యంత్రము వచ్చినను ఆ లేఖలోని ఉపదేశము పాతబడలేదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము లోకమున 150 కోట్లమందికి ఏదో యొక మేరకు వినికిడి లోపము కలదు. అందులో 43 కోట్లమందికి చికిత్సయో, పునరావాస సహాయమో అవసరము. ఈ లోపము మతిమరపు వ్యాధికి దారితీయునా యను ప్రశ్నను నిదానముగా చూడవలెను. అమెరికాలో 70 మొదలు 84 ఏండ్ల వయస్సుగల 977 మందిపై మూడేండ్లు జరిగి, 2023లో వెలువడిన పరిశోధనలో, యంత్రములును శిక్షణయు పొందినవారికిని పొందనివారికిని మొత్తముమీద చెప్పుకొనదగిన తేడా కనబడలేదు. ముందునుండియు అపాయము ఎక్కువగా ఉన్న వర్గమున మాత్రము బుద్ధిక్షీణత వేగము దాదాపు సగమునకు తగ్గినది. యంత్రము పెట్టుకొన్నచో మతిమరపు రాదని ప్రకటనలలో చెప్పువారిని నమ్మవలదు. మనుమలతో మాటాడుట తిరిగి సాధ్యమగుట స్వయముగానే గొప్ప లాభము. దానికి వేరొక లాభమును అంటగట్టనక్కరలేదు.

ఎవరియొద్దకు పోవలెను? మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యునియొద్దకు. గుబిలి గట్టిపడి రంధ్రమును మూసియుండవచ్చును; చీము పట్టియుండవచ్చును; మూడవ యెముక బిగిసిపోయి యుండవచ్చును. ఇవి చాలవరకు చికిత్సకు లొంగును. కాచిన నూనె పోయుట, ఆకుపసరు పిండుట, పిన్నీసుతో కెలుకుట మన యిండ్లలో నేటికిని ఉన్న అలవాట్లు. కర్ణభేరికి రంధ్రమున్న చెవిలో నూనె పోసినచో జరుగు అనర్థము ఇంతింత కాదు. ఒక్క సంగతి మాత్రము గట్టిగా జ్ఞప్తియందుంచుకొనవలెను: ఒక రాత్రి నిద్రించి లేచువరకో, రెండుమూడు దినములలోనో ఒక చెవి హఠాత్తుగా మూగవోయినచో, జలుబువలన కాబోలునని వారములు గడపరాదు. అది అత్యవసరము. స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు. కాలము మించిన తరువాత ఫలము సన్నగిల్లును.

వైద్యుడు చూచిన పిదప మిగిలిన దీర్ఘప్రయాణమంతయు వినికిడి నిపుణుడైన ఆడియాలజిస్టుతో చేయవలసినది. ఈ వృత్తికి మన దేశమున శాస్త్రీయమైన చదువున్నది; మైసూరులో 1965లో స్థాపితమైన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ, బొంబాయిలో 1983లో వెలసిన అలీ యావర్ జంగ్ సంస్థ, సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లోని దాని ప్రాంతీయ కేంద్రము ఎందరో నిపుణులను తీర్చిదిద్దినవి. 1992 నాటి చట్టముచే ఏర్పడిన భారత పునరావాస పరిషత్తులో పేరు నమోదైనవారే ఈ వృత్తి చేయదగినవారు. ఆ నమోదు సంఖ్యను అడుగుట అమర్యాద కాదు. అయితే పట్టా యొకటి చాలునా? చాలదు. యంత్రమును అమ్మువానికిని వినికిడిని అమర్చువానికిని భేదము గుర్తెరుంగుట యెట్లో కొంచెము విస్తరించి చెప్పెదను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు అట్టి నిపుణునియొద్దకు పోయినట్లు ఊహింతము. అతడు మొట్టమొదట యంత్రముల పెట్టె తెరువడు. "ఎక్కడ ఇబ్బందిగా ఉందమ్మా? గుడిలోనా, ఫోనులోనా, నలుగురూ కూర్చున్నప్పుడా?" అని అడిగి, ఆమె చెప్పునంతసేపు ఆమె మొగమువైపు తిరిగి వినును, వెలుగు తన మొగముపై పడునట్లు కూర్చుండును. పిమ్మట శబ్దము చొరని చిన్న గదిలో ఆమెను కూర్చుండబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, చేతికొక మీట ఇచ్చును. సన్నని కూతలు ఒకదానివెంట ఒకటి వచ్చును, అంతకంతకు క్షీణించును. ఉన్నదో లేదో తెలియని కూతకును మీట నొక్కవలెను. ఈ పరీక్షా ఫలితమును గీసిన పటమే ఆడియోగ్రాము. కుడిచెవికి ఎర్రని సున్నలు, ఎడమచెవికి నీలపు ఇంటూ గుర్తులు. వృద్ధుల పటమున ఆ గీతలు ఎడమనుండి కుడికి సమతలముగా వచ్చి, తారస్థాయికడ ఏటవాలుగా దిగిపోవును. కూతలతో ఆగక, మంచి నిపుణుడు తెలుగు పదముల పట్టికను చదివి వినిపించి, ఎన్ని సరిగా తిరిగి చెప్పగలిగినదో లెక్కించును. వెనుక సందడి చేర్చియు పరీక్షించును. ఆ పటమును ఆమెకును, వెంటవచ్చిన కుమారునికిని చూపి, ఏ హల్లు ఎక్కడ జారిపోవుచున్నదో విడమరచి చెప్పును. ఏండ్ల తరబడి తల్లిని నిర్లక్ష్యపు మనిషియని విసుగుకొన్న కుమారుడు ఆ గీతను చూచి మౌనముగా కూర్చుండుట ఇట్టి గదులలో అరుదైన విషయము కాదు.

యంత్రము పెట్టిన తరువాతనే అసలు పని మొదలగును. ప్రతి చెవి నాళము వేరు గనుక, కంపెనీ సూత్రము ప్రకారము కంప్యూటరులో పెంచిన ధ్వని నిజముగా కర్ణభేరికడ ఎంత చేరుచున్నదో కొలువవలెను. వెంట్రుకంత సన్నము కాకున్నను మిక్కిలి సన్ననైన మెత్తని గొట్టమును చెవిలోనికి జొనిపి, చివరనున్న మైకుతో కొలుచు పద్ధతి కలదు. "చెవిలో కొలిచి అమర్చుతారా?" యని అడుగుడు. కొన్నాళ్లు వాడి చూచు అవకాశమున్నదా, సరిదిద్దించుకొనుటకు ఎన్నిసార్లైనను రావచ్చునా, చెవియచ్చు తీసినప్పుడు సరిపడకున్న తిరిగి తీయుదురా యని అడుగుడు. ఈ ప్రశ్నలకు విసుగుకొనువాడు మీకు తగినవాడు కాడు. ఎక్కువ వెలగల యంత్రము నిర్లక్ష్యముగా అమర్చినదానికన్న, నడితరపు యంత్రమును ఓపికతో నాలుగైదుమారులు దిద్ది అమర్చినది మేలని నా నిశ్చితాభిప్రాయము.

తొలిదినములలో ఆమెకు ఫ్యాను హోరు, కాగితపు గరగర, తన గొంతు తనకే వింతగా వినవచ్చుట బాధించును. ఏండ్లుగా ఆ ధ్వనులు మరచిన మెదడు మరల వానిని పరిచయము చేసికొనుటకు వారములు, ఒక్కొక్కరికి నెలలు పట్టును. మొదట ఇంటిలో ఒక్కరితో, తరువాత ఇద్దరితో, ఆ పిమ్మట వీథిలో, చివరకు పందిటిలో, ఇట్లు క్రమముగా అలవరచుకొనవలెను. సముద్రతీరపు జిల్లాల ఉక్కలో చెమటయు తేమయు యంత్రమునకు శత్రువులు. రాత్రివేళ తేమను పీల్చు సిలికా గుళికలుగల డబ్బాలో ఉంచవలెను. యంత్రము ఎంత మంచిదైనను దూరమును జయింపలేదు. రెండు మూడు అడుగులలో ఎదురుగా కూర్చుండి చెప్పిన మాటకు సాటి లేదు. టీవీ కట్టివేసి, పేరు పెట్టి పిలిచి, మొగము చూచి, నిదానముగా చెప్పుట ఇంటివారు నేర్వవలసిన విద్య. అందని వాక్యమును అదే విధముగా నాలుగుసార్లు అరచుటకంటె వేరుమాటలతో ఒక్కసారి చెప్పుట మేలు. "ఏంలేదులే" అని మాట మరల్చుట మాత్రము ఎన్నడును చేయరాదు.

యంత్రముల శక్తికి మించిన లోపమున్నవారికి, రోమకణములను దాటి నాడికే విద్యుత్సంకేతములను పంపు కాక్లియర్ ఇంప్లాంటు కలదు. 1957లో పారిస్‌లో జూర్నో, ఏరియస్ అనువారు తొలి ప్రయత్నము చేయగా, 1978లో మెల్బోర్నులో గ్రేం క్లార్కు పలు తంత్రులుగల దానిని అమర్చెను. పుట్టుచెవుడుగల పసివారికి ఎంత చిన్నతనమున చేసిన అంత మేలు. మన రాష్ట్రములలో ఆరోగ్యశ్రీ వలన పేదపిల్లలు కూడ దీనిని పొందినారు. పెద్దల విషయమున 2016 నాటి దివ్యాంగుల చట్టము రెండు చెవులలోను 60 డెసిబెల్లుల లోపమున్ననే గాని గుర్తింపదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ మాత్రము 35 డెసిబెల్లులు దాటగానే సహాయము కావలెననుచున్నది. ఈ రెంటి నడుమ చిక్కుకొన్నవారే మన యిండ్లలో అధికసంఖ్యాకులు. వీరి విషయము ప్రభుత్వములు పునరాలోచింపవలసియున్నది.

ఇది చదువు వారిలో కొందరి బీరువాలలో, ఒకప్పుడు కొని, నాలుగు దినములు పెట్టుకొని, "అంతా గోలగా ఉంది" అని తీసివేసిన యంత్రము నిశ్చయముగా ఉండియుండును. దానిని పారవేయకుడు. వాడుచున్న మందుల చీటీలతోను, మీతో ఎక్కువగా మాటాడు ఇంటిమనిషితోను కలిసి, ఈసారి ఓపికగా వినునట్టి ఆడియాలజిస్టునొకరిని వెదకికొని, మరల పరీక్ష చేయించుకొనుడు.